అల్లుడు బయట ఉన్నాడని

బోనాల ముందు రోజు. మెట్టుగూడలోని మా అత్తగారింట్లో అత్తమ్మ గడియ పెట్టుకుని బాత్రూం కడుగుతోంది. మరకలు పోవాలని యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిపింది. కాసేపటికే ఊపిరాడని దగ్గు వినిపించింది. తలుపు సందులోంచి వచ్చిన ఘాటుకే నా కళ్లు మండిపోయాయి.

"అత్తమ్మా, అది విషం! తలుపు తీయండి!" అని బాదాను.

లోపలి నుంచి ఆమె, నా పక్కనే ఉన్న నా భార్యతో అంది. "ఒంటి మీద చీర లేదే. అల్లుణ్ని జెర అవతలికి పొమ్మను."

నేనక్కడుంటే ఆమె తలుపు తీయదు. వీధిలోకి పరుగెత్తి, "నేను బయటున్నా!" అని అరిచాను. నేను చేయగలిగిన సాయం అంతే. చీర చుట్టుకుందేమో, చాలాసేపటికి గడియ చప్పుడైంది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కుతో రొప్పుతూ కూడా, నన్ను చూడగానే అత్తమ్మ కొంగు సర్దుకుంది. ఆ మర్యాదకు దండం పెట్టాలో, కోప్పడాలో నాకిప్పటికీ తెలియదు.