ఆఖరి బస్సు దాకా

రంగూన్‌లో మా సందు మొదట్లో మొహింగా అనే చేపల పులుసు సేమ్యా అమ్మే న్యున్ యీ కొడుకును, సైనిక ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీసిన ఊరేగింపులో పట్టుకుపోయారు. అప్పటినుంచి ఆమె వారం వారం ఎండుచేపల వేపుడు, చక్కెర, సబ్బులు సంచిలో సర్దుకుని జైలుకు పోయేది. తెల్లవారకముందే వరసలో నిలబడాలి. గేటు ఎప్పుడు తెరుస్తారో చెప్పేవారు కారు. ఎండంతా నెత్తిన పడ్డాక, ఇవాళ లేదు పొమ్మనేవారు. ఎందుకని అడిగినవాళ్ల సంచి ఆ తర్వాతి వారం లోపలికి వెళ్లేది కాదు. అందుకని అందరూ నోరు మూసుకోవడం నేర్చుకున్నారు.

ఆ వరసలోనే ఆమెకు ఓన్ చీ పరిచయమైంది. ఓన్ చీ కూతురు తాజిన్ బడిపంతులమ్మ, అదే ఊరేగింపులో దొరికిపోయింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడేవారు, ఒకరు పక్కకు వెళ్తే రెండోవారు చోటు కాసేవారు. ఓన్ చీది పదునైన నోరు.

"మనమూ ఖైదీలమే చెల్లీ. కాకపోతే మనకు తిండి మనమే తెచ్చుకోవాలి," అని కాపలావాళ్లకు వినబడకుండా నవ్వించేది.

కొత్త సంవత్సరానికి కొందరిని వదిలి బస్సుల్లో బయటికి పంపుతారని తెలిసి ఇద్దరూ పొద్దున్నే వెళ్లారు. ఎవరి బిడ్డ ముందొచ్చినా ఆఖరి బస్సు దాకా కలిసే ఉందామంది ఓన్ చీ. న్యున్ యీ సరేనంది.

బస్సులు బయటికి రాగానే జనం తోసుకున్నారు, ఇద్దరూ విడిపోయారు. రెండో బస్సులోంచి కొడుకు దిగాడు, చిక్కి సగమై. మళ్లీ లోపలికి లాక్కుపోతారేమోనని న్యున్ యీ వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుంపు అవతల ఓన్ చీ మునివేళ్ల మీద లేచి బస్సు కిటికీలు వెతుకుతోంది. న్యున్ యీ పిలవలేదు. తువ్వాలు ముఖం మీదికి లాక్కుని, కొడుకును టాక్సీలోకి తోసి వచ్చేసింది.

ఆ సాయంత్రం సందంతా వాళ్లింట్లోనే ఉంది. ఆమె మాత్రం వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుంది. ఏమైందని అడిగాను.

"ఆమె నన్ను వెతికే ఉంటుంది," అంది. "నా బిడ్డ కూడా రాలేదనుకుని, నన్ను ఓదార్చడానికి."

తాజిన్‌ను వదల్లేదు. ఆ వారం న్యున్ యీ మళ్లీ సంచి సర్దుకుని వెళ్లింది. కొడుకు వచ్చిన సంగతి ఓన్ చీకి అప్పటికే తెలిసిపోయింది.

"బాబు అన్నం తింటున్నాడా?" అని అడిగింది.

"తింటున్నాడక్కా. ఆ రోజు నేను..."

"పిల్లదానికి సబ్బులు చాలు. మిగతావి వాడికి పెట్టు."

సబ్బులు తీసుకుని సంచి తిరిగి ఇచ్చేసింది. పక్కకు జరిగి చోటివ్వలేదు. న్యున్ యీ వెళ్లి వరస చివర నిలబడింది.

కొడుకు వద్దన్నా ఆమె ఇప్పటికీ పోతూనే ఉంది. ఎవరి కోసమమ్మా అని కొత్తవాళ్లు అడిగితే తల దించుకుంటుంది.