మా కాక ఓడిపోయిన నడక

నా చిన్నప్పుడు ఒక పొద్దున, బొగ్గుబాయిలో తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు నింపే మా కాకను నేను నడకలో ఓడించాను. ఈ మాట నేను చెప్పని మనిషి గోదావరిఖనిలో లేడు. కాక అంటే మా నాయన తమ్ముడు. తలుపంత ఛాతీ. పట్టాలు తప్పిన బొగ్గు టబ్బును ఒంటి భుజంతో ఎత్తి పెట్టేవాడని చెబుతాను. పెట్టేవాడే, ఇంకో ముగ్గురు చెయ్యేస్తే. పదిహేను మైళ్ల అడవి బాట అని చెబుతాను. అయిదు దాటదు. దారిలో పులి అడుగులు చూశామని కూడా చెబుతాను. అవి కుక్కవి. కానీ కాక ఓడిపోయిన మాట నిజం. ఆయన తన నోటితోనే ఒప్పుకున్నాడు.

రిటైరైన ఏడాదే నాకు షుగరూ బీపీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అప్పటినుంచి తెల్లవారుజామున కాలనీ గ్రౌండులో నడుస్తున్నాను. మొదట్లో ఒక చుట్టుకే కళ్లు తిరిగేవి. ఇప్పుడు నిద్ర పడుతోంది, మోకాళ్లు మాట వింటున్నాయి, డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు. చలికాలం బొగ్గు పొగా మంచూ కలిసి గ్రౌండు మీద కూర్చుంటే ముందు నడిచేవాడి వీపు కూడా కనబడదు. ఊపిరులు మాత్రం వినబడతాయి. ఏ ఊపిరి ఎవరిదో నాకు తెలుసు. ఒక్కోనాడు, ఉన్న మనుషులకంటే ఒక ఊపిరి ఎక్కువ వినబడుతుంది. అది ఎవరిదో కూడా తెలుసు.

తెలంగాణ కోసం గనులన్నీ బందయిన రోజుల్లో గ్రౌండుకు జనం పెరిగారు. డ్యూటీ లేదు, సైరన్ లేదు. సైరన్ మోగకుండా తెల్లవారిన గోదావరిఖనిని నేను అంతకుముందు ఎరగను. దవాఖానలో కొత్తగా చేరిన ఒక డాక్టరమ్మ అప్పుడు వచ్చి, మమ్మల్ని కూర్చోబెట్టి ఏరోబిక్ వ్యాయామం గురించి చెప్పింది. టీవీలో పాట పెట్టుకుని ఎగరడమే ఏరోబిక్స్ అనుకునేవాళ్లం. కాదట. గుండె, ఊపిరితిత్తులు ఒకే తీరుగా చాలాసేపు పనిచేసేలా నడిచినా, సైకిలు తొక్కినా, ఈత కొట్టినా అదేనట. గుండె గట్టిపడుతుందనీ, షుగరు అదుపులోకి వస్తుందనీ, మనసులో దిగులు కూడా పలచబడుతుందనీ చెప్పింది.

"ఎంత జోరుగ నడవాలె అని అందరు అడుగుతరు. పక్కోళ్లతోని మాట్లాడుకుంట నడవగలగాలె. పాట పాడేంత తీరిక ఉంటే జోరు పెంచుండ్రి. మాట నడుమల తెగిందంటే తగ్గించుండ్రి" అంది.

ఈ లెక్క నేను చిన్నప్పుడే విన్నాను. ఇక నా నోరు ఊరుకోదు కదా. ఇది మాకు కొత్త కాదు డాక్టరమ్మా అంటూ లేచాను. పక్కన కూర్చున్న నా పాత దోస్తు, బాయిలో కూలీల పని చూసే మైనింగ్ సర్దారుగా రిటైరైనవాడు, "మొదలైంది. ఈసారి ఎన్ని మైళ్లే అన్నా? పోయినసారి పన్నెండే ఉండె" అన్నాడు. అందరూ నవ్వారు. నేను చెప్పాను.

అప్పటికి గోదావరిఖని ఊరు కాదు. అడవి కొట్టి వేసుకున్న గుడిసెలు, కొత్తగా తవ్విన బొగ్గుబాయి. నాకు పదేళ్లు. పుట్టినప్పటి నుంచీ ఉబ్బసం. నాలుగు అడుగులు ఉరికితే ఛాతీలో పిల్లికూతలు. గుడిసెల దగ్గర బొగ్గు పొగ నాకు పడదని, గోదావరి ఒడ్డు పల్లెలో మా అవ్వ, అంటే నాయనమ్మ దగ్గర ఉంచారు. నాయన, కాక ఒకే బాయిలో పనిచేసేవాళ్లు.

ఒకనాడు తెలతెలవారుతుండగా కాక వచ్చాడు. అవ్వను ఇంటి వెనక్కి పిలిచి ఏదో చెప్పాడు. ఆమె లోపలికి వచ్చి నాకు అంగీ తొడిగి, గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టింది. తాను వెనక వస్తానంది. "నాయనకు దెబ్బ తాకింది బిడ్డా. నిన్ను చూస్తనంటున్నడు, పోదాం పా" అన్నాడు కాక.

నేను ఉరికాను. ఊరు దాటీ దాటకముందే ఊపిరాడక బాట మీద కూలబడ్డాను. కాక నా వీపు రాస్తూ కూర్చున్నాడు.

"ఉరుకకు. ఉరికితే దమ్మంత బాటలనే అయిపోతది. నేను కథ చెప్త, నువ్వు ఊ కొట్టాలె. ఊ గట్టిగ వస్తే జోరుగ నడుద్దాం, రాకుంటే మెల్లగ. ఎవరి దమ్ము ముందుగాల తప్పితే వాళ్లు ఓడినట్టు."

బొగ్గుబాయిలో నౌకరి దొరికిన ఎలుగుబంటి కథ అది. ముందే నల్లటిది కనుక, పనిచేసిందో పడుకుందో సర్దారుకు తెలియదట. హాజరు వేసే బాబు వేలిముద్ర అడిగితే పంజా మొత్తం పెట్టి కాగితం చింపిందట. నేను నవ్వుతూ ఊ కొట్టాను. నా ఊ సన్నబడితే కాక అడుగు తగ్గించేవాడు, గట్టిపడితే పెంచేవాడు. కొంత దూరం పోయేసరికి పిల్లికూతలు ఆగిపోయాయి. ఒళ్లు వెచ్చబడింది, కాళ్లు వాటంతట అవే పడుతున్నాయి. అంత దూరం ఆగకుండా నడవడం నా జన్మలో అదే మొదటిసారి. ఈ సంగతి ముందు నాయనకు చెప్పాలని ఒకటే ఆరాటం. దెబ్బ తాకి పడుకున్నవాడు, విని లేచి కూర్చుంటాడనుకున్నాను.

మక్క చేల మధ్య బాట చదునైంది. "ఆ ఎలుగుబంటికి ఇంటికాడ ఎవరున్నరు కాకా?" అని అడిగాను.

"ఒక అన్న ఉండె" అన్నాడు.

అంతే, తర్వాత మాట రాలేదు. బాయి ఏటవాలును రోజూ ఎక్కివచ్చే మనిషి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, నోరు తెరిచి గాలి లాగుతున్నాడు. "ఓడినవ్ కాకా, నీ దమ్మే తప్పింది" అని చప్పట్లు కొట్టాను. ఆయన తల ఎత్తలేదు. "ఓడిన బిడ్డా. నువ్వే గెలిచినవ్" అన్నాడు.

నేనెప్పుడూ ఇక్కడే ఆపుతాను. ఇక్కడ నవ్వులు వస్తాయి. ఆ రోజు కూడా వచ్చాయి. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "బాట చదునే అంటిరి కద తాతా. రోజు బాయిల ఎక్కి దిగే మనిషికి చదును మీద దమ్మెందుకు వచ్చింది? గుండె జబ్బేమన్న ఉండెనా ఆయనకు?" అని అడిగింది. డాక్టరు కనుక అడిగింది. ఇన్నేళ్లలో ఇంకెవరూ అడగలేదు.

లేదమ్మా అన్నాను. ఆ తర్వాతి మాట అక్కడ నోరు దాటలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కాకతో నడిచిన ఆ పొద్దున మేము దవాఖాన వైపు పోలేదు. గుడిసెల వైపు మళ్లాం. గెలిచిన హుషారులో నేను ముందు నడుస్తున్నాను. మా గుడిసె ముందు జనం. డ్యూటీ వేళయినా ఎవరూ బాయిలోకి దిగలేదు. నన్ను చూసి పక్కకు జరిగారు. బాయిలో పైనుంచి బండ పడిందట. కాక మా అవ్వ వాకిట్లోకి రాకముందే నాయన పోయాడు. ఆగకుండా నడిచొచ్చిన సంగతి నేను ఆయన కాళ్ల దగ్గర నిలబడి చెప్పాను. ఊపిరి తెగలేదు కనుక మాట తేటగా వచ్చింది. అందరికీ వినబడింది. నాయనకు తప్ప.

ముందే చెప్పి ఉంటే నేను ఉరికి, ఆ ఛాతీతో బాటలోనే పడిపోయేవాణ్ణి. కాక దాచింది అందుకే అనుకునేవాణ్ణి చాలా ఏళ్లు. అదొక్కటే కాదని నాకూ పిల్లలు పుట్టాక అర్థమైంది. అక్కడికి తొందరగా చేరి చేసేదేమీ లేదు. ఆ బాట ఎంత పొడుగుంటే మా నాయన నాకు అంతసేపు బతికున్నాడు. సొంత అన్నను పోగొట్టుకున్న మనిషి, నన్ను నవ్విస్తూ, ఆ కాసేపటిని తన ఊపిరితో లాక్కొచ్చాడు. చివర్లో నేనే ఒక ప్రశ్న వేసి ఆ ఊపిరి తెంపాను.

తర్వాత ప్రతి ఆదివారం కాక నన్ను గోదావరి దాకా నడిపించాడు. ఎన్నో కథలు చెప్పాడు. ఎలుగుబంటి మళ్లీ రాలేదు. నేనూ అడగలేదు. ఏడాది తిరిగేసరికి నా ఉబ్బసం పూర్తిగా పోయిందని చెబుతుంటాను. పూర్తిగా పోలేదు, చలికాలం ఒకసారి చూసి పోతుంది. కానీ ఆ ఛాతీతోనే నేనూ బాయిలో దిగాను, రిటైరయ్యేదాకా ఏటవాలు ఎక్కాను. డాక్టరమ్మ చెప్పిన లాభాలకు నా ఒళ్లే సాక్ష్యం. ఇందులో పెంచి చెప్పింది లేదు.

మొన్న గ్రౌండుకు కొత్తగా ఒకాయన వచ్చాడు. వయసులో ఉన్నవాడు, గట్టి మనిషి. మొదటి చుట్టు సగంలోనే ఆయాసపడి నిలబడిపోయాడు. బీపీ చూపించుకొమ్మన్నాడు మా సర్దారు. చూపించుకోవాలి, అది నేనూ చెప్పాను. ఆ ఆయాసం ఎందుకొచ్చిందని మాత్రం అడగలేదు. నా అడుగు తగ్గించి ఆయన పక్కకు చేరి, వానల గురించీ కూరగాయల గురించీ ఏవేవో మాట్లాడుతూ నడిచాను. గేటు దాటాక ఆయన కుడివైపు తిరిగాడు. నేనూ తిరిగాను. మా ఇల్లు అటు కాదు.