నెప్ట్యూన్‌కు హాజరు

ఉరుకుందప్ప సారుకు ఒక్కటే పిచ్చి. ఏ దూరమైనా సూర్యుడి దగ్గర నుంచే కొలుస్తాడు. ఆయన సూర్యుడు ఉండేది ఆకాశంలో కాదు, కోసిగి దగ్గర ఆయన పాఠం చెప్పే డిగ్రీ కాలేజీ మైదానంలో. ఇల్లెక్కడ సార్ అని అడిగితే, "శుక్రుడు దాటినాక ఎడంపక్క సందు" అంటాడు. ఏటా కొలత మారుస్తాడు కనుక ఇల్లు కదలకపోయినా అడ్రసు మారిపోతుంది. గ్యాస్ సిలిండరు తెచ్చే మనిషి ఒకసారి పొద్దుగూకే దాకా తిరిగి బండితో సహా వెనక్కి పోయాడు.

ఖగోళశాస్త్ర పరిచయం క్లాసులో సౌరకుటుంబాన్ని బోర్డు మీద గీయడానికి ఆయన ససేమిరా ఒప్పుకోడు.

"బోర్డు మీద గీస్తే నెప్ట్యూన్ వచ్చి సూర్యుని చంకలో కూచుంటాది. యాడుండాల్సింది ఆడుండాలప్పా."

అందుకే ఒక్కొక్కరికీ ఒక్కో గ్రహం పంచుతాడు. ఆ కొలతలో దాని చోటు ఎక్కడ పడితే అక్కడికి వెళ్లి, గ్రహాన్ని సరైన సైజులో గీసో పరిచో, ఫొటో తీసుకురావాలి.

ఇలాంటి మనిషి దగ్గరికి జనవరిలో ఆయన క్లాసులోనే చదివే నిస్సీ తన కష్టం చెప్పుకోవడానికి వెళ్లింది.

"సార్, నేను చదువు మానుకుంటాండా. మిరప కోతలకు అమ్మానాయనతో గుంటూరు పక్క పోతాండా. మూడు నెలలు రాకుంటే హాజరు చాలదు, పరీక్ష రాయనియ్యరు."

"ఏ ఊరమ్మా?"

నిస్సీ కోతలకు పోయే ఊరి పేరు చెప్పింది. సారు ఫోనులో మ్యాపు తెరిచి, తనలో తాను ఏదో గొణుక్కుని, "రేపు క్లాసుకు రా. మానుకునేది తర్వాత చూద్దాం" అన్నాడు. చదువు పోతోందని చెబితే మ్యాపు చూసే మనిషిని చూసి నిస్సీకి ఒళ్లు మండింది.

మరునాడు సారు కొత్త కొలత ప్రకటించాడు. సూర్యుడి నుంచి భూమి పదకొండున్నర కిలోమీటర్లు.

"పది పెట్టండి సార్, లెక్క సులువు" అన్నాడు భూపేష్.

"సౌరకుటుంబం నీ సులువు కోసం పుట్టలేదప్పా. నీకు గురుగ్రహం. పత్తికొండకు పో. నిస్సీ, నీకు నెప్ట్యూన్."

నిస్సీ కోసం సారు పెట్టిన అనుమతి కాగితం చదివి ప్రిన్సిపాల్ మధులత మేడమ్ కళ్లద్దాలు తీసింది. "మూడు నెలల ఫీల్డ్ వర్కా? అన్ని దినాలూ హాజరు వేయాలా? ఎందుకు సార్ అన్ని దినాలు?"

"నెప్ట్యూన్ సూర్యుని ఒక్క సుట్టు తిరగనీకి నూట అరవై అయిదేండ్లు పడతాది మేడమ్. నేను మూడు నెలలే అడుగుతాండా."

మేడమ్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని సంతకం పెట్టేసింది.

పత్తికొండ టమోటా మార్కెట్టులో భూపేష్ పదకొండు మీటర్ల గురుగ్రహం గీసి, దాని మీద బాక్సులు దించొద్దని హమాలీలతో తగాదా పడ్డాడు. అటు గుంటూరు దగ్గర నిస్సీ, మిరపకాయలు ఆరబోసే కల్లంలో కాయలనే గుండ్రంగా పరిచింది. వెడల్పు నాలుగు మీటర్లకు జానెడు తక్కువ. ఫొటో కింద దూరం రాయాలి కదా అని మ్యాపులో చూస్తే, కాలేజీ మైదానం నుంచి గీత గీసినట్టు మూడు వందల నలభై అయిదు కిలోమీటర్లు ఉంది. సూర్యుడి నుంచి భూమి ఉన్న దూరానికి ముప్ఫై రెట్ల దూరంలో నెప్ట్యూన్ ఉంటుంది. ముప్ఫైతో భాగించింది. సరిగ్గా పదకొండున్నర వచ్చింది.

ఆమె కోసం సారు గ్రహాలన్నిటినీ జరిపాడు. నిస్సీ కల్లం మధ్యలో నిలబడి ఒక్కతే నవ్వుతుంటే, వాళ్ల నాయన ఏసన్న ఎండదెబ్బేమోనని నీళ్లు పట్టుకొచ్చాడు.

ఏప్రిల్‌లో పరీక్షకు వచ్చింది. హాజరు తొంభై శాతం. హాల్ టికెట్ ఆమె చేతిలో పెట్టి సారు మొహం గంటు పెట్టుకున్నాడు.

"నెప్ట్యూన్ నీలంగా ఉంటాది కదమ్మా. నువ్వు ఎర్రగా పరిచినావు. ఒక మార్కు కోస్తా."

కోశాడు కూడా.