కదలని గుడ్లు

మా ఇంటెనుక ఫంక్షన్ హాలోళ్లు మా కోడి పొదుగుతున్న పదకొండు గుడ్లను సంపిండ్రు. రాయేసి కాదు, కర్రతోని కాదు. డీజే డబ్బాలతోని, పటాకులతోని. ఈ మాట చెప్తె జనం నవ్వుతరు. నవ్వనీయుండ్రి.

అవి మామూలు గుడ్లు కావు. మా అత్త మేడిపల్లి నుంచి గంపల పెట్టి పంపిన బోడిమెడ కోళ్ల వంశం. మెడ మీద ఈకలుండయి, చూడ సక్కగుండయి గని, ఎండకు ఆగుతయి, రోగానికి ఆగుతయి. నలభై ఏండ్లు కోరుట్లల మా పెరట్లనే తిరిగినయి. ఆఖరు పుంజును కుక్కలు పట్టుకపోయినయి. అసొంటి పుంజు కోసం జగిత్యాల అంగడికి పోయిన, చందుర్తి దాంక పోయిన, దొర్కలే. మిగిలింది ఒక్క పెట్ట, దాని కింద ఆ గుడ్లు. అవి పిల్లలైతేనే వంశం నిలుస్తది.

మా ఆమె కల్యామాకు చెట్టు కింద తట్టల గడ్డి పరిచి, గుడ్ల నడుమ ఇనుప ముక్క పెట్టింది. ఉరిమితే గుడ్లు మురుగుతయని, ఇనుముంటె ఏం కాదని వాళ్లమ్మ చెప్పిందట. నేను బడి మొకం చూసినోన్ని కాదు. వయసుల ఉన్నప్పుడు సిరిసిల్లల సాంచల మీద బట్ట నేస్కుంట, నూలు చుట్టొచ్చిన పాత పేపర్లు కూడబలుక్కొని చదువు నేర్చినోన్ని. ఇసొంటియి నమ్మ.

"ఉరుముకు గుడ్డు చావదే. కోడి బెదిరి లేస్తె సల్లవడి చస్తది" అన్న.

"ఎట్లయితేంది, చచ్చుడు ఒక్కటే గద" అన్నది.

అప్పుడు పొద్దుగాల మా పెరడు చూడాలె. కోడికేసిన నూకలకు పిచ్చుకలు దిగేటియి. మునగపూలకు తేనెపిట్టలు. గోరెంకలు తట్ట పక్కకచ్చి తిట్టినట్టే అరిసేటియి. కోడి గొంతుల గురగుర జవాబిచ్చేది గని, లేవకపోయేది.

కోడి పొదుగ కూసున్న పద్దెనిమిదో దినం హాలుల పెండ్లి. పొద్దుగాల్నే డబ్బాలు మా గోడకు మొకం పెట్టి నిలవెట్టిండ్రు. పోయి మేనేజరును అడిగిన.

"తమ్మీ, జెర అటు తిప్పియ్యి. కోడి పొదుగుతున్నది, మూడు దినాలైతే అయిపోతది."

"తాతా, సాంచల చప్పుడుల బతికినోనివి, నీకు డీజే ఒక లెక్కనా?"

"సాంచ నాకు బువ్వ పెట్టిందిరా. నీ డబ్బా ఏం పెడ్తది?"

"చికెన్ బిర్యానీ పెడ్తది, రా, కూసో!" అన్నడు. చుట్టున్నోళ్లు పక్కున నవ్విండ్రు.

పెండ్లికొడుకు కారు దిగంగనే డీజే మోగించి, పటాకుల లడి అంటవెట్టిండ్రు. కోడి తట్టలకెల్లి ఎగిరి గోడ దుంకింది. మా ఆమె గుడ్లను పాత చీరెల చుట్టి ఒళ్లె పెట్టుకొని కూసున్నది. నేను మక్కచేన్ల పొంట దేవులాడిన. పొద్దుగూకంగ దొరికింది. తెచ్చి మళ్ల కూసోవెట్టినం.

ఇరవై ఒకటో దినం పోయింది, ఏ గుడ్డూ పలగలే. ఇంకో రెండు దినాలు చూసి, మా ఆమె గోరువెచ్చని నీళ్లల్ల గుడ్లు ఏసింది. లోపట పాణముంటే గుడ్డు నీళ్లల్ల జెర ఊగుతది. పదకొండు ఏసింది. ఒక్కటి గూడ ఊగలే.

"ఇంకోపారి చూడు" అన్న.

"చూసిన" అన్నది.

కోడి ఉత్త గడ్డి మీద ఇంకో వారం కూసున్నది. మేత ముట్టలే. ఆ తట్టలనే పాణం ఇడిసింది. అటెన్క ముహూర్తం ముహూర్తానికి అదే చప్పుడు. పిట్టలు గూడ దిగుడు బందువెట్టినయి. నూకలు ఇప్పటికీ గోడ మీద చల్లుతున్న. చీమలు మోసుకపోతున్నయి.

నా చేతిరాతతోని రెండు పేజీల దరఖాస్తు రాసి మున్సిపల్ ఆఫీసుల ఇచ్చిన. నష్టపరిహారం అడగలే. డబ్బాలు అటు తిప్పుమని, గోడ పక్క పటాకులు కాల్చొద్దని, గంతే అడిగిన. "కోళ్లకు గూడ దరఖాస్తా పెద్దాయినా?" అన్నరు. ఎన్నిమార్లు తిరిగిన్నో. ఆఖరుకు, పెండ్లి లేని దినం చూసి, ఇద్దరు వచ్చిండ్రు. పెరడు ఫోటో దీసిండ్రు.

"కోడేది?"

"సచ్చింది. అందుకేగద రాసింది."

"పిట్టలేవి మరి?"

"అవీ పోయినయి."

ఏందో రాస్కొని పోయిండ్రు. మొన్న పోస్టుల జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్న:

"తమరి దరఖాస్తుపై స్థల విచారణ జరిపించనైనది. విచారణ సమయమున సదరు పెరటిలో కోళ్లు గాని, గుడ్లు గాని, పక్షులు గాని కనిపించలేదు. కావున శబ్దము వలన వాటికి హాని కలిగినదనుటకు ఆధారము లేదు. తమరి దరఖాస్తు ముగించనైనది."