వదిలెయ్యమన్నది ఒక్కసారే

మా ఎదురింటి అత్త పోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. ఆ సంగతి నాకు బడిలో ఉండగా తెలిసింది. ప్రార్థన అయిపోయి పిల్లలు వరసల్లో క్లాసులకు పోతుంటే మా ఆవిడ ఫోన్ చేసింది. "అత్త లేవట్లేదండీ. పొద్దున టీ తాగి మంచమ్మీద ఒరిగిందంట. గిన్నె ఇద్దామని నేను వెళ్ళేసరికి..." అని ఆగిపోయింది. నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆమె నాకు అప్పగించిన పని ఒకటి నేను చెయ్యకుండా అట్టే పెట్టుకున్నాను. ఇక అది చేసినా వినేవాళ్ళు లేరు.

అత్త అన్నానే గానీ మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. నరసరావుపేటలో మా సందులోకి మేము అద్దెకు వచ్చిన మొదటిరోజే ఆమె నన్ను "అల్లుడా" అని పిలిచింది. ఎదురు చెప్పే ఓపిక లేక నేను అత్త అన్నాను. ఇరవై ఏళ్ళుగా అదే ఖాయమైపోయింది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. మిగిలిన ఆరు రోజులూ స్లాబు పని. స్లాబు పోసేరోజు కింద కలిపిన కాంక్రీటును తట్టలకెత్తి, చేతిమీద చేతిగా మిద్దె పైకి అందిస్తారు కదా, ఆ వరసలో మెట్ల మలుపు దగ్గర నిలబడటం ఆమె వంతు. కింది చేతిలోంచి తట్ట అందుకుని పై చేతికి ఇవ్వాలి. మలుపు దగ్గర నిలబడాలంటే అందరికీ చేతకాదట. ఊళ్ళో సగం మిద్దెలు ఆమె చేతుల మీదుగానే పైకి వెళ్ళాయి. ఆమె ఇంటికి మాత్రం చివరిదాకా రేకులే.

ఆమెకి వాలీబాల్ పిచ్చి పట్టడానికి కారణం ఒక పొరపాటు. పోయిన ఏడు వానలు వెనకబట్టాక డిగ్రీ కాలేజీలో కొత్త గదులకి స్లాబు పోస్తుంటే ఈమె పనికి వెళ్ళింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని ఆడపిల్లల వాలీబాల్ కోర్టు పక్కన కూర్చుంది. పిల్లలంతా నీలం చొక్కాల్లో ఉన్నారు. ఒక్క పిల్ల మాత్రం పసుపు చొక్కా. ఆ సాయంత్రం నేను బండి దిగకముందే నా దగ్గరికి వచ్చింది.

"ఏందల్లుడా, కాలేజీ వాళ్ళకి సిగ్గుండొద్దా? అందరికీ నీలం చొక్కాలు ఇచ్చి, పాపం ఆ ఒక్క పిల్లకీ ఇవ్వలా. ఇంట్లోది ఏదో తొడుక్కొచ్చింది. మొహం ఎట్ట పెట్టుకు ఆడతదయ్యా?"

నేను చెప్పేలోపలే లోపలికి పోయింది. మర్నాడు తోపుడుబండి మీద ఒక నీలం టీషర్టు కొనుక్కెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టేసింది. తోటి పిల్లలంతా పగలబడి నవ్వారట. ఆ పిల్ల నవ్వలేదట. "చానా బాగుంది మామ్మా" అని తీసుకుందట.

సాయంత్రం నేను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. జట్టులో బంతిని అందుకోవడానికే ప్రత్యేకంగా ఒకరుంటారనీ, ఆ మనిషిని గుర్తుపట్టడానికే వేరే రంగు చొక్కా వేస్తారనీ, ఆమె వల పైనుంచి బంతి కొట్టకూడదనీ చెప్పాను.

"కొట్టనియ్యరా?"

"రూలు అత్తా. అవతలివాళ్ళు కొట్టింది కిందపడకుండా లేపి పక్కవాళ్ళకి ఇవ్వాలి. అంతే."

"అయితే మన పనే" అంది.

అక్కణ్ణుంచి నా ప్రాణానికి వచ్చింది. శనివారం వస్తే చాలు, "బండి తియ్యి అల్లుడా, పిల్ల ఆట ఉంది" అని గుమ్మంలో నిలబడేది. నాకా, వారమంతా పిల్లల మీద అరిచి అరిచి గొంతు పోయి ఉండేది. దిద్దాల్సిన పేపర్లు కట్టలు కట్టలు. యాభై దాటాక మనిషికి శనివారం మధ్యాహ్నం నిద్ర ఎంత అవసరమో ఆమెకి తెలియదు. ఎందుకంటే ఆమె ఎన్నడూ పగలు నిద్రపోయి ఎరగదు. సణుక్కుంటూనే బండి తీసేవాణ్ణి. దూరాలైతే బస్సు. అలా కాలేజీల పోటీలు జరిగిన ఆ సీజనంతా మా ఇద్దరికీ తిరుగుడే. సత్తెనపల్లిలో ఆడారు. దాచేపల్లిలో ఆడినరోజు సిమెంటు లారీలు లేపిన దుమ్ముకి నా చొక్కా ఏ రంగుదో నాకే తెలియలేదు. ఈమె దులుపుకోను కూడా లేదు. "మనకి సిమెంటు కొత్తా?" అంది.

అందరూ వల దగ్గర చోటు కోసం కొట్టుకుంటుంటే ఈమె వెళ్ళి కోర్టు వెనక మూలన తువ్వాలు పరుచుకుని కూర్చునేది. ఆ పిల్ల వీపు తప్ప ఏమీ కనపడని చోటు అది. వైరుబుట్టలో నీళ్ళ సీసా, బెల్లపు మరమరాల ఉండలు. పది నిమిషాలు ఓపిక పట్టేది. తర్వాత మొదలయ్యేది ఆ గొంతు. "లేపే తల్లీ! లేపు!" నలభై ఏళ్ళు కాంక్రీటు మిక్సరు మోతని దాటి వినపడేలా అరిచిన గొంతు అది. రిఫరీ రెండుసార్లు తిరిగి చూశాడు. ఒకసారి బతిమాలాడు కూడా.

ఆమె బంతిని చూసేది కాదు. ఈ సంగతి నేను మూడో ఆటకి కనిపెట్టాను. బంతి వలకి అటున్నా ఇటున్నా ఆమె కళ్ళు ఆ పిల్ల మోకాళ్ళ మీదే. అడిగితే, "బాలుని చూసేవాళ్ళు చానామంది ఉన్నారుగా అల్లుడా" అంది. తర్వాత తనే చెప్పింది. "తట్ట అందుకునేది చేతుల్తో కాదయ్యా. మోకాళ్ళు అందుకోవాల. చేతులు ఊరికే ఉంటయ్. చేతుల్తో పట్టినోళ్ళు పొద్దుగూకేలోపు పడిపోతారు. ఈ పిల్లకి ఎవరు నేర్పారో గానీ మోకాళ్ళతో అందుకుంటంది." నేను చదువుకునే రోజుల్లో నాలుగేళ్ళు వాలీబాల్ ఆడినవాణ్ణి. మా పీడీ సారు ఈలలూ తిట్లూ కలిపి నేర్పబోయింది ఇదే. నాకు ఆ మూలన తువ్వాలు మీద కూర్చున్నాకే అర్థమైంది.

ఆట అయ్యాక ఆ పిల్ల పసుపు చొక్కా మార్చుకుని అత్త ఇచ్చిన నీలం టీషర్టు వేసుకుని వచ్చేది. వాళ్ళది ముప్పాళ్ళ వైపు. తల్లీ తండ్రీ మిరప చేలల్లో కూలికి పోతారు. తను హాస్టల్లో ఉండి చదువుతోంది. యూనివర్సిటీ జట్టుకి ఎంపికైతే ఆ సర్టిఫికెట్ మీద స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగానికి దారి దొరుకుతుందని ఆశ. ఆ ఆశ ఆ పిల్ల ఒక్కదానిదే కాదు. ఇంటిల్లిపాదిదీ, కాలేజీదీ. మరమరాల ఉండ కొరుక్కుంటూ ఈ మాటలన్నీ అత్తకి చెప్పేది. అత్త వింటూ ఆ పిల్ల కాళ్ళు ఒళ్ళోకి లాక్కుని పిక్కలు పిసికేది.

గురజాలలో సెమీఫైనల్ రోజు ఆ పిల్ల ఎడమ మోకాలి మీద పడింది. లేచి మళ్ళీ ఆడింది, గెలిచారు కూడా. అందరూ చప్పట్లు కొడుతుంటే అత్త మాత్రం కదల్లేదు. "ఎడం కాలు దాస్తంది అల్లుడా. ఎవురికీ తెలీకుండా దాస్తంది." కాలేజీ పీడీ దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన స్ప్రే కొట్టామన్నాడు, ఏమీ కాదన్నాడు. తిరిగొచ్చే బస్సులో అత్త కునుకు తియ్యలేదు. నేను మటుకు హాయిగా నిద్రపోయాను.

ఫైనల్ మాచర్లలో. యూనివర్సిటీ జట్టుని ఎంపిక చేసేవాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఐదో సెట్టు దాకా వెళ్ళింది. అవతలివాళ్ళకి ఒక్క పాయింటు వస్తే ఆట అయిపోతుంది. బంతి మా మూలకేసి వచ్చింది. ఆ పిల్ల అటు తిరిగి ఒంగింది. సీజనంతా అలాంటివి ఎన్ని లేపిందో లెక్కలేదు. సరిగ్గా అప్పుడు నా పక్కనుంచి అరుపు.

"వదిలెయ్యే తల్లీ! వదిలెయ్!"

ఆ పిల్ల లేచి నిటారుగా నిలబడింది. బంతి గీతకి జానెడు లోపల పడింది. ఈల మోగింది. అవతలి పిల్లలు ఎగిరి గంతులు వేస్తున్నారు. మా వెనక ఎవరో "ఎవరా ముసల్ది?" అన్నారు.

బస్సు పిడుగురాళ్ళ దాటాక ఆమె నా వైపు తిరిగింది. "పాడుజేశానయ్యా" అంది.

"బాలు బయటికి పోతుందనుకున్నావు. ఎవరైనా అనుకుంటారు" అన్నాను.

"బాలు నాకెక్కడ కనపడిందయ్యా? మోకాలు వణుకుతా కనపడింది. నోరు ఆగలా."

జట్టు జాబితా వచ్చింది. ఆ పిల్ల పేరు లేదు. అత్త మళ్ళీ కాలేజీ వైపు వెళ్ళలేదు. పనికి వెళ్ళేటప్పుడు కూడా చుట్టుతిరిగి పోయేది. ఒకరోజు నేను బండి తుడుచుకుంటుంటే వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "ఒక్కసారి ఆ పిల్లనడుగు అల్లుడా. నా అరుపు చెవినబడి వదిలేసిందా, తనంతట తనే వదిలేసిందా. అంతే. తిట్టినా ఉన్నదున్నట్టు చెప్పు."

"రేపడుగుతాలే అత్తా" అన్నాను.

కాలేజీ నేను బడికి పోయే దారిలోనే ఉంది. గేటు ముందునుంచి రోజుకి రెండుసార్లు పోతాను. పోయేటప్పుడు బెల్లు టైమయ్యేది. వచ్చేటప్పుడు ఒళ్ళు పులిసిపోయి ఉండేది. ఒకరోజు యూనిట్ పరీక్షలు, ఒకరోజు వాన, ఒకరోజు ఊరికే. అత్త మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ రేపు అన్నాను. నాలుగోసారి అడగలేదు. హమ్మయ్య అనుకున్నాను కూడా. రెండు నెలలు అలా గడిచిపోయాయి. దాన్ని అలసట అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ఆ మాట నాకే రుచించడం లేదు.

లారీ నడిపే అత్త కొడుకు సిమెంటు లోడుతో దూరం వెళ్ళి ఉన్నాడు. అతను వచ్చేదాకా ఆగి మర్నాడు సమాధి చేశారు. మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అత్త ఇంటి ముందు షామియానా కింద ఒక కుర్చీలో ఆ పిల్ల కూర్చుని ఉంది. నీలం టీషర్టు, మీద చున్నీ. ఎడమ కాలు ముందుకి చాపుకుని ఉంది. ఎవరు చెప్పారో తెలియదు, హాస్టల్ నుంచి నడిచే వచ్చింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. రెండు నెలలు దాటినా ఆ ప్రశ్న నా నోట్లోనే ఉంది.

"మాచర్లలో మామ్మ అరిచింది నీకు వినపడిందా అమ్మాయ్?"

"ఎందుకు వినపడదు మాష్టారూ? సీజనంతా నా వెనక ఆ గొంతే గదా."

"మరి ఆమె అన్నదని వదిలేశావా?"

చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "అందరూ లేపు లేపు అనేవాళ్ళే మాష్టారూ. ఇంట్లో అదే, కాలేజీలో అదే. ఆరోజు పొద్దుటి నుంచి ఈ కాలు నాది కాదు. ఎవురన్నా ఒక్కళ్ళు, చాల్లేవే అంటే బాగుండని ఉంది. మామ్మ అంది. వదిలేశా. లోపలే పడతదని తెలుసు నాకు."

"సెలక్షను పోయింది కదమ్మా" అన్నాను.

"పోయింది. వారం ఏడ్చా. ఇంట్లో చానా తిట్టారు. మామ్మ మీద మాత్రం కోపం లేదు." కళ్ళు తుడుచుకుని అంది, "మామ్మకే నా మీద కోపం అనుకున్నా. ఓడిపోయినాక ఒక్కసారి కూడా రాలేదుగా. మొహం చెల్లక నేనే ఆగిపోయా."

ఇటు ఆమె, అటు ఈ పిల్ల. మధ్యలో మలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి నేను. కింది చేతిలోంచి అందుకుని పై చేతికి ఇవ్వడం తప్ప నాకు వేరే పనేమీ లేదు. బరువు కూడా లేదు, ఒక్క మాట. కాలేజీ గేటు నుంచి మా సందుకి బండి మీద ఐదు నిమిషాలు. అది కూడా చెయ్యలేదు. నన్ను క్షమించమని అడగడానికి ఆమె లేదు. ఉంటే "పోనీలే అల్లుడా, అలిసిపోయుంటావు" అనేది. అది తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల ముందే ఏడ్చాను.

కుర్చీలు తీసుకుపోవడానికి ట్రాలీ ఆటో వచ్చి సందు మొదట్లో ఆగింది. లోపలికి పట్టదు. అత్తతో స్లాబు పనికి వెళ్ళే ఆడవాళ్ళు నలుగురు ఎవరూ చెప్పకుండానే లేచి వరసగా నిలబడ్డారు. చేతిమీద చేతిగా కుర్చీలు కదిలాయి. సందు మలుపు దగ్గర మాత్రం ఇద్దరి మధ్య దూరం ఎక్కువై కుర్చీలు ఆగిపోతున్నాయి. ఆ పిల్ల లేచి వెళ్ళి అక్కడ నిలబడింది. కుడి మోకాలు బాగానే వంగుతోంది. ఎడమది కొంచెమే. కుర్చీ అందుకుని, తిరిగి, అవతలి చేతికి ఇస్తోంది. నలుగురిలో ఒకావిడ ఆ మోకాళ్ళకేసి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను కూడా వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడ్డాను. "అందుకోండి మాష్టారూ" అంటూ తెల్ల కుర్చీ ఒకటి నా వైపు తిప్పింది.

మోకాళ్ళు వంచాను.