అద్దాలు దించని కారు

అంబాసిడర్ అమ్మేసి చిన్నకారు కొన్నాక మా నాన్నని పట్టడం ఎవరి తరమూ కాలేదు. సీట్ల ప్లాస్టిక్ కవర్లు తియ్యనివ్వడు, అద్దాలు దించనివ్వడు. "ఏసీకి డబ్బులు పోసింది కిటికీ గాలి పీల్చడానికా?" అనేవాడు. అంబాసిడర్‌కి ఆ భోగం లేదు. అద్దాలు సగంలో ఇరుక్కుపోయి, కాళ్ల కింద చిల్లులోంచి రోడ్డు కనబడుతూ, ఊళ్లో గాలంతా లోపలే ఉండేది. మిరపకాయల బస్తాలు మాతోపాటే ప్రయాణం చేసేవి. ఒక్కరూ తుమ్మేవారు కాదు.

ఒకరోజు మా మేనత్త భర్త పోయాడని కబురొచ్చింది. పొలం గట్టు తగాదాతో నాన్నకీ అత్తకీ ఏళ్ల తరబడి మాటల్లేవు. చెల్లెలి గుమ్మం తొక్కనని నలుగురిలో ఒట్టేసిన మనిషాయన. ఇప్పుడు వెళ్తే ఆవిడ రానిస్తుందా, అందరి ముందూ పొమ్మంటుందా అని అమ్మకి ఒకటే బెంగ. నాన్న మాత్రం, ఎలాగూ గుంటూరు దారేగదా అని, మిర్చి యార్డులో వ్యాపారికి చూపించడానికి మిరపకాయల సంచి ఒకటి వెనక సీట్లో పడేశాడు. "చావుకెళ్తూ బేరమేంటండీ" అని అమ్మ మొత్తుకుంటే వింటేగా!

కారు నేనే నడిపాను. పర్చూరు దాటకముందే ఘాటు మొదలైంది. అమ్మ దగ్గు, నా తుమ్ములు. "అద్దం దించు నాన్నా, చచ్చేట్టున్నాం" అన్నాను. "నోర్మూసుకుని నడుపు" అన్నాడు, కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారుతుంటే.

అత్త వాకిట్లో దిగేసరికి ముగ్గురి కళ్లూ చింతనిప్పులు. "ఎంత కుమిలిపోయాడో పాపం" అంటూ జనం దారిచ్చారు. అత్త పరుగున వచ్చి "అన్నయ్యా" అని నాన్నని పట్టుకుని బావురుమంది. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను.

ఆవిడా మిరపచేలో పెరిగిన మనిషే. కాసేపయ్యాక నన్ను పెరట్లోకి పిలిచింది. "ఏరా, మీ నాన్న చొక్కా అంత ఘాటేంట్రా? కార్లో మిరపకాయలున్నాయా?" తలూపాను. "ఆ సంచి దింపి మా కొట్టుగదిలో పడెయ్. ఆయనకి చెప్పకు. వెళ్లేటప్పుడు ఏడుస్తాడో లేదో చూస్తాను."

చావింట్లో వెళ్లొస్తామని చెప్పకూడదు కదా. సాయంత్రం నాన్న కండువా దులుపుకుని గమ్మున వచ్చి కార్లో కూర్చున్నాడు. కళ్లు పొడిగా ఉన్నాయి. గుమ్మంలోంచి అత్త చూస్తూనే ఉంది. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది.

ఊరు దాటాక నాన్న ఏసీ ఆపమన్నాడు. తనే అద్దం దించుకుని మొహం బయటికి పెట్టాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఘాటు ఇంకా పోలేదురా" అన్నాడు.

అమ్మ తన పక్కన సంచి లేని ఖాళీ సీటు వైపు చూసి, నా వైపు చూసింది. నేను కారు వెనక్కి తిప్పాను, అత్త ఇంటికి. ఎందుకని నాన్న అడగలేదు.