గొంతులో దొరికిన గింజలు

మొన్న మోండా మార్కెట్‌లో ఒక కిరాణా కొట్టు ముందు వెనిగర్ సీసా పగిలింది. ఆ పుల్లటి ఘాటు తగలగానే కూరగాయల సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కు మూసుకున్నారు. నాకు రెజిమెంటల్ బజార్‌లో మేడ మీది చిన్న ల్యాబ్, కిటికీ పక్కన మైక్రోస్కోపు మీద వంగిన సుగుణ మేడమ్ గుర్తొచ్చారు. సూక్ష్మజీవులకు ఆమె పట్టించే రంగులో కాస్త ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లోని పులుపే, ఉండేది. ఆ వాసన ఆమె కొంగును ఎప్పుడూ వదిలేది కాదు.

డిగ్రీలో నాకు మైక్రోబయాలజీ చెప్పింది ఆమే. చదువయ్యాక తన ల్యాబ్‌లో ఉద్యోగమిచ్చిందీ ఆమే. ఇవాళ మూఢనమ్మకాల మీద నేను రాసే ప్రతి వాక్యానికీ వెన్నెముక ఆమెది. స్లైడు చూసి పేరు చెప్పబోతే ఆపేసేవారు. "పేరు తర్వాత. ముందు ఏం చూశావో బొమ్మ వెయ్యి." పేరు ముందే తెలిస్తే కన్ను అబద్ధమాడుతుందని ఆమె అనేవారు.

ఒకసారి క్లాసులో బ్యాక్టీరియాలోని పాలీఫాస్ఫేట్ గురించి చెప్పారు. ఫాస్ఫేట్లు పొడవాటి గొలుసులుగా అల్లుకుని కణంలో గింజల్లా పోగుపడతాయి. తిండి దొరకనప్పుడు కణం ఆ గొలుసును తెంపుకుని వాడుకుంటుంది. వేడి తగిలినప్పుడు ప్రొటీన్లు ముద్దకట్టకుండా కాపాడేదీ, హాని చేసే లోహాలను పట్టి ఉంచేదీ ఆ గొలుసే. కొన్ని రోగక్రిములైతే అది లేకపోతే సరిగా కదలలేవు, గుంపుగా అతుక్కుని బతకలేవు.

"ఎంత ముందుచూపు మేడమ్ దానికి! మా అమ్మ బియ్యం దాచినట్టు" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"దానికి చూపే లేదు, ముందుచూపెక్కడిది? దాచుకున్నవి మిగిలాయి, దాచుకోనివి పోయాయి. నీకు ఎక్కడ చూసినా ఎవరో కూర్చుని ఆలోచిస్తున్నట్టే ఉంటుంది. దేవుళ్లు పుట్టేది అక్కడి నుంచే."

ఆ నాలుక పదును ల్యాబ్ కింద టైలర్ షాపు నడిపే నర్సింగ్‌కు కూడా తెలుసు. అతను షాపుకు నిమ్మకాయ, మిరపకాయలు కడితే ఆమె ఊరుకునేవారు కాదు.

"ఆ మిరపకాయలు పచ్చడికైనా పనికొచ్చేవి కదయ్యా!"

"మీకు పచ్చడే కనవడతది మేడమ్. మీ మిషిన్ల నా కష్టం, నా తక్లీఫ్ కనవడతదా?"

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు నవ్వేవారు. ఆమె మాత్రం వదలకుండా, వాళ్లందరి ముందే అతను నోరు మూసుకునేదాకా వాదించేవారు. వాదంలో ఆమెను గెలిచిన మనిషిని నేను చూడలేదు. ఆ రోజుల్లో నాకు అదొక పండుగ.

నర్సింగ్ కూతురు లావణ్య ఒకటో తరగతి. ఆ పిల్లకు జ్వరం, గొంతునొప్పి వచ్చాయి. గొంతునొప్పి అంటే కొండనాలుక పడిందనుకోవడం, ఎవరిచేతనైనా బొటనవేలితో దాన్ని పైకి నొక్కించడం చాలా ఇళ్లలో అలవాటు. నర్సింగ్ తల్లి కూడా మనవరాలికి అదే చేయించింది. సాయంత్రం షాపులో పిల్ల మెడ ఉబ్బి ఉండటం చూసి మేడమ్ నోరు తెరిపించారు. లోపల బూడిదరంగు పొర. పుల్లకు చుట్టిన దూదితో గొంతు తడి తీసుకుని పైకి పరుగెత్తారు. రంగు వేసి, నన్ను చూడమన్నారు.

"ఆకుపచ్చటి కడ్డీలు మేడమ్. చివర్లలో నలుపు కలిసిన నీలం గింజలు."

బొమ్మ వెయ్యమనలేదు. "డిఫ్తీరియా. కల్చర్ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకూడదు" అంటూ మెట్లు దిగారు. వెనకే నేనూ దిగాను.

"నర్సింగ్, పాపను ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టీకాలన్నీ వేయించావా?"

"మొదట్ల ఏయించినం. జరమొస్తదని తర్వాత మా అమ్మ వద్దన్నది. ఇప్పుడు నొక్కిచ్చినం గద మేడమ్, పొద్దుగాల్ల వరకు తక్కువైతది."

"నొక్కితే తగ్గేది కాదయ్యా! ఈ మూఢత్వం వల్లే కదా..."

"మళ్ల షురూ చేసిన్రా? మా మిరపకాయలైనయ్, మా దేవుడైండు, ఇగ మా అమ్మనా? మొన్న అందరి ముంగట గెలిచిన్రు. గిప్పుడు నా బిడ్డ మీద సుత గెలువాల్నా?"

మేడమ్ చేతులు జోడించారు. ఎవరికీ, దేనికీ జోడించని చేతులు. "గెలవక్కర్లేదు నర్సింగ్. పాపను తీసుకెళ్దాం పద." అతను ఆ చేతుల వంక చూడలేదు. బిడ్డను ఎత్తుకుని, షట్టర్ దించి వెళ్లిపోయాడు.

తెల్లవారాక పిల్లకు ఊపిరాడకపోతే అతనే ల్యాబ్‌కు పరుగున వచ్చాడు. ఆసుపత్రిలో విరుగుడు ఎక్కించారు. అప్పటికే క్రిమి విషం గుండెకు చేరింది. లావణ్య దక్కలేదు.

"రాసిపెట్టి ఉంది" అన్నారు చావుకొచ్చినవాళ్లు. ఆ మాటను ఎన్నడూ ఊరికే పోనివ్వని మేడమ్ తల దించుకుని విన్నారు. ఆ తర్వాత ఆమె మూఢనమ్మకాల మీద మాట్లాడే సభలకు వెళ్లలేదు. అప్పుడప్పుడూ నర్సింగ్ షాపులో స్టూలు మీద ఊరికే కూర్చునేవారు. అతను పొమ్మనేవాడు కాదు, కుట్టుకుంటూ ఉండేవాడు. ఒకరోజు నేను ఆమెను పిలవడానికి కిందికి వెళ్లేసరికి అతను కుట్టు ఆపి అడుగుతున్నాడు.

"మీరు జెప్పిన గా గింజలేనా మేడమ్, నా బిడ్డను సంపింది?"

"కాదు. అవి ఆ క్రిమి దాచుకున్న తిండి లాంటివి. చంపింది అది వదిలిన విషం. గింజల వల్ల మనం దాన్ని గుర్తుపట్టాం, అంతే."

"అంటే ఆ సాయంత్రమే కనవడ్డది."

"కనబడింది."

"కనవడి ఏం జేసినం మేడమ్?"

అతను మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

సుగుణ మేడమ్ పోయి కొన్నేళ్లయింది. నేను ఇంకా రాస్తున్నాను, వేదికలెక్కి వాదిస్తున్నాను, గెలుస్తున్నాను. నేను చెప్పేది నిజమే. చప్పట్లూ పడతాయి. ఓడిపోయినవాడు ముఖం తిప్పుకుని గుంపులోంచి వెళ్లిపోతుంటాడు. అతని ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో నాకు తెలియదు.